జీతం తేదీ తప్పితే ఆగేది జీతం ఒక్కటే కాదు

(యూఏఈలో పనిచేస్తున్న తెలుగు కార్మికులకు, ఊరిలో ఉన్న వారి కుటుంబాలకు)



సంక్షేమ విభాగంలో మా కౌంటర్ దగ్గరికి వచ్చేవారి నోట తరచుగా వినే మాట ఒకటుంది. "సార్, కంపెనీ జీతం ఇయ్యదని కాదు, ఇస్తది. ఎప్పుడిస్తదో తెలవదు." ఒక నెల 3వ తారీఖున పడుతుంది. మరుసటి నెల 20న పడుతుంది. ఆ తర్వాత రెండు నెలలు ఏమీ పడదు. మూడో నెల రెండు జీతాలు కలిపి వేస్తారు, మిగిలిన దాని సంగతి అడిగితే "చూద్దాం" అంటారు.

చాలామంది దీన్ని ఓర్చుకుంటారు. "ఎప్పటికైనా వస్తుంది కదా, గొడవ ఎందుకు" అనుకుంటారు. ఓర్పు మంచిదే. కానీ జీతం ఆలస్యమైతే దాని వెనక ఇంకా కొన్ని ఆలస్యమవుతాయి, కొన్ని పూర్తిగా పోతాయి. మీకు రావలసిన సర్వీసు డబ్బు, ఉద్యోగం పోతే వచ్చే బీమా, ఊళ్ళో ఎల్ఐసీ పాలసీ, మీ ఇంటావిడ డ్వాక్రా సంఘంలో పొందే వడ్డీ రాయితీ, వీటన్నింటికీ ఒక్కొక్క తేదీ ఉంది. జీతం రాలేదని ఆ తేదీలు ఆగవు. ఏ తేదీ ఎక్కడ తప్పితే ఏం నష్టమో, దాన్ని ఎలా ఆపుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. మీరు చదివి, చదవడం రాని మీ రూమ్ సోదరులకు కూడా వినిపించండి.

జీతం ఎప్పుడు రావాలి?

యూఏఈలో ప్రైవేటు కంపెనీల కార్మికులకు వర్తించేది 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ చట్టం. ఇది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. జీతం నెలకు ఒకసారైనా ఇవ్వాలని ఈ చట్టం చెబుతుంది. పని చేయించుకున్న కాలం పూర్తయిన మరుసటి రోజు నుంచి ఆ జీతం మీకు రావలసిన బాకీ కిందే లెక్క. అది కంపెనీ దయతో ఇచ్చేది కాదు.

2009 నుంచి ఈ దేశంలో జీతాల చెల్లింపుకు డబ్ల్యూపీఎస్ అనే పద్ధతి ఉంది. కంపెనీ మీ జీతాన్ని చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో, ఎక్స్ఛేంజ్ ద్వారానో మీ కార్డులో వేయాలి. ఎవరికి ఎంత పడింది, ఏ రోజు పడింది అనేది మానవ వనరుల మంత్రిత్వ శాఖకు (మనవాళ్ళు లేబర్ ఆఫీసు అంటారు) తెలుస్తుంది. గడువు దాటినా జీతాలు వేయని కంపెనీకి కొత్త వర్క్ పర్మిట్లు ఆపేసే అధికారం ఆ శాఖకు ఉంది.

అంటే మీ ఏటీఎం కార్డులో పడిన ప్రతి జీతం మీ తరఫున ఒక సాక్షి. అందుకే చేతికి నగదు ఇచ్చి "సంతకం పెట్టు" అనే కంపెనీతో జాగ్రత్తగా ఉండాలి. కార్డు తన దగ్గరే పెట్టుకుని తానే డబ్బు తీసి ఇస్తానని ఫోర్‌మన్ అంటే ఒప్పుకోకండి. కార్డూ మీదే, పిన్ నంబరూ మీదే.

ఇక్కడ పోయేవి ఏమిటి?

మొదటిది, సర్వీసు డబ్బు. దీన్నే గ్రాట్యుటీ అంటారు. ఒక సంవత్సరం సర్వీసు పూర్తి చేసిన ప్రతి కార్మికుడికీ ఇది హక్కు. మొదటి 5 సంవత్సరాలకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం చొప్పున ఇవ్వాలి. మొత్తం కలిపి రెండేళ్ళ జీతానికి మించకూడదు. చివరగా తీసుకున్న బేసిక్ జీతం మీద లెక్క కడతారు. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 14 రోజుల లోపల బకాయి జీతాలతో సహా ఈ హిసాబు అంతా కంపెనీ తేల్చాలి.

ఒక లెక్క చూద్దాం. షటరింగ్ కార్పెంటర్ ఒకాయన బేసిక్ 900 దిర్హాములు, అలవెన్సులు 600 దిర్హాములు, మొత్తం 1,500 మీద 7 ఏళ్ళు పనిచేశాడనుకోండి. రోజుకు బేసిక్ 30 దిర్హాములు. 21 రోజులకు 630. మొదటి 5 ఏళ్ళకు 3,150. తర్వాతి 2 ఏళ్ళకు 900 చొప్పున 1,800. మొత్తం 4,950 దిర్హాములు. అలవెన్సులు ఈ లెక్కలోకి రావు. అందుకే కాంట్రాక్టులో బేసిక్ ఎంత రాశారో మీకు తెలిసి ఉండాలి.

జీతం ఆలస్యమైతే సర్వీసు డబ్బు తగ్గుతుందా? తగ్గదు. జీతం పడని నెలలో కూడా మీరు పని చేశారు కాబట్టి ఆ నెల సర్వీసులోకే వస్తుంది. కానీ కంపెనీ దాన్ని "జీతం లేని సెలవు" అని రాసుకుంటే తగ్గుతుంది. జీతం లేకుండా డ్యూటీకి రాని రోజులను సర్వీసులో కలపరు. పని చేసినా డబ్బు రాని నెలను, పనికే రాని నెలగా చూపించడం మేము కొన్ని కేసుల్లో గమనించాం. అప్పుడు మిమ్మల్ని కాపాడేది మీ దగ్గర ఉన్న టైమ్‌షీట్ ఫోటోయే.

రెండోది, ఉద్యోగం పోయినప్పుడు ఇచ్చే బీమా. ఇది 2023 జనవరి 1న మొదలైంది. బేసిక్ జీతం 16,000 దిర్హాములు, అంతకు తక్కువ ఉన్నవారు నెలకు 5 దిర్హాములు, దాని మీద పన్ను కట్టాలి. ఉద్యోగం పోతే చివరి 6 నెలల సగటు బేసిక్ జీతంలో 60 శాతం, ఎక్కువలో ఎక్కువ 3 నెలల పాటు ఇస్తారు. పైన చెప్పిన కార్పెంటర్ విషయంలో 900లో 60 శాతం అంటే 540. మూడు నెలలకు 1,620 దిర్హాములు. పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ కొత్త పని వెతుక్కునే రోజుల్లో బెడ్ స్పేస్ అద్దెకు, మెస్ బిల్లుకు అదే ఆధారం.

జీతం తేదీ తప్పడం వల్ల ఎక్కువగా దెబ్బతినేది ఈ బీమాయే. ఎలాగో చూడండి.

ఈ బీమా కట్టవలసింది కార్మికుడే. జీతం పడని నెలల్లో "5 దిర్హాములే కదా, తర్వాత కట్టొచ్చు" అని వదిలేస్తారు. గడువు దాటి మూడు నెలలకు మించి కట్టకపోతే పాలసీ రద్దవుతుంది, పైగా 200 దిర్హాముల జరిమానా పడుతుంది. అసలు బీమాలో చేరనివారికి 400 దిర్హాముల జరిమానా. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఈ బీమా డబ్బు రావాలంటే వరుసగా 12 నెలలు చందాదారుగా ఉండాలి. మధ్యలో తెగితే ఆ వరుస పోతుంది. జీతం ఆపుతున్న కంపెనీ రేపు ఉద్యోగం కూడా తీసేయవచ్చు. సరిగ్గా ఆ కష్టకాలంలోనే మీ చేతిలో బీమా లేకుండా పోతుంది.

కాబట్టి నెలనెలా కాకుండా, చేతిలో డబ్బు ఉన్న నెలలో మొత్తం ఒకేసారి కట్టేయండి. ఎక్స్ఛేంజీల్లో, కియోస్కుల్లో కట్టే వీలుంది. రసీదు ఫోటో తీసి పెట్టుకోండి.

ఈ బీమాకు ఇంకా నాలుగు షరతులు గుర్తుంచుకోండి:

1. మీ అంతట మీరు రాజీనామా చేస్తే రాదు.
2. క్రమశిక్షణ తప్పినందుకు కంపెనీ తీసేస్తే రాదు.
3. మీ మీద పారిపోయినట్టు, అంటే అబ్‌స్కాండింగ్ ఫిర్యాదు ఉంటే రాదు.
4. ఉద్యోగం ముగిసిన 30 రోజుల లోపల దరఖాస్తు పెట్టాలి. లేబర్ కేసు కోర్టుకు వెళ్ళి ఉంటే అది తేలిన రోజు నుంచి 30 రోజులు.

దేశం విడిచి వెళ్ళిపోయినా, కొత్త ఉద్యోగంలో చేరినా బీమా డబ్బు ఆగిపోతుంది.

మొదటి షరతు మళ్ళీ ఒకసారి చదవండి. జీతం రాక విసిగిపోయినవాడి ముందు మందూబ్ ఒక కాగితం పెట్టి "సంతకం చెయ్యి, టికెట్ ఇస్తాం, ఇంటికి పో" అంటాడు. అరబిక్‌లో ఉన్న ఆ కాగితం రాజీనామా కావచ్చు. "నాకు రావలసిన డబ్బంతా ముట్టింది" అని రాసిన కాగితం కూడా కావచ్చు. ఒక్క సంతకంతో బీమా, సర్వీసు డబ్బు, బకాయి జీతాలు మూడూ చిక్కుల్లో పడతాయి. చదవలేని కాగితం మీద, డబ్బు చేతికి రాకముందు సంతకం పెట్టవద్దు. ఫోటో తీసుకుని మాకు పంపితే అందులో ఏముందో చెబుతాం.

గమనిక: ఇళ్ళలో పనిచేసే హౌస్ మెయిడ్లు, వంటవాళ్ళు, ఇంటి డ్రైవర్లకు వేరే చట్టం ఉంది. అది 2022 నాటి 9వ ఫెడరల్ డిక్రీ చట్టం. గడువు తేదీ నుంచి 10 రోజుల లోపల వారికి జీతం ఇవ్వాలి. పైన చెప్పిన ఉద్యోగ బీమా మాత్రం వారికి లేదు.

ఊళ్ళో పోయేవి ఏమిటి?

మీ జీతం ఇక్కడ 20వ తారీఖున పడినా, ఊళ్ళో కిస్తీ తేదీ 5వ తారీఖే. ఆ పదిహేను రోజుల తేడా ఎవరు భరిస్తున్నారు? మీ ఇంటివాళ్ళు. ఫోన్‌లో మీకు చెప్పరు. "ఎట్లనో చూసుకుంటంలే, నువ్వు మంచిగ తిను" అంటారు. ఆ "ఎట్లనో" ఖరీదు ఎంతో చూడండి.

వీసా కోసం నూటికి 2 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 4,000. మూడు నెలలు జీతం ఆగితే 12,000. తర్వాత కంపెనీ మూడు జీతాలూ కలిపి వేసినా ఈ 12,000 ఎవరూ ఇవ్వరు. పైగా ఆ వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే, మరుసటి నెల నుంచి వడ్డీ మీద వడ్డీ.

డ్వాక్రా సంఘాల సంగతి చాలామందికి తెలియదు. బ్యాంకు అప్పు మీద ప్రభుత్వం ఇచ్చే వడ్డీ రాయితీ, కిస్తీలు తేదీకి కట్టినవారికే వర్తిస్తుంది. మీ ఇంటావిడ వంతు ఆగితే సంఘం మొత్తం లెక్క దెబ్బతింటుంది. ఆమె మిగతా పది మంది ఆడవాళ్ళ ముందు మాట పడుతుంది. ఆ మాట పడలేక చెవి కమ్మలు తాకట్టు పెడుతుంది. ఇక్కడ కంపెనీ చేసిన ఆలస్యం అక్కడ తాకట్టు దుకాణంలో తేలుతుంది.

ఎల్ఐసీ ప్రీమియం నెలవారీగా కడుతుంటే తేదీ దాటిన తర్వాత 15 రోజులే గడువు. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి కట్టేవారికి 30 రోజులు ఇస్తారు. ఆ గడువు కూడా దాటితే పాలసీ లాప్స్ అవుతుంది. మళ్ళీ బతికించుకోవాలంటే పాత ప్రీమియాలు వడ్డీతో కట్టాలి, వైద్య పరీక్ష కూడా అడగవచ్చు. కాబట్టి జీతం తేదీ నిలకడగా లేని కంపెనీలో ఉన్నవారు నెలవారీ పద్ధతి మానుకుని ఆరు నెలలకో, ఏడాదికో మార్చుకోవడం మేలు.

జీతం ఆగినా ఆగనిది ఒకటి ఉంది. పదో తరగతి పాస్ కాని కార్మికులు ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చేటప్పుడు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజన. ప్రీమియం 2 సంవత్సరాలకు 275 రూపాయలు, 3 సంవత్సరాలకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఉద్యోగానికి సంబంధించిన కోర్టు ఖర్చులకు 45,000 రూపాయల వరకు ఇస్తారు. కంపెనీ మారినా ఇది చెల్లుతుంది. కానీ కాలం తీరితే చెల్లదు. మీ పాలసీ ఏ తేదీతో ముగుస్తుందో ఈరోజే చూసుకోండి. చాలామంది మొదటిసారి ఏజెంటు చేయించిన తర్వాత దీని సంగతి మరిచిపోతారు. పాలసీ కాపీ ఇంటికి పంపండి. అలాంటి బీమా ఉందని ఇంటివాళ్ళకు తెలియకపోతే ఉండీ లాభం లేదు.

జీతం తప్పిన రోజు నుంచి ఏం చేయాలి?

ఒకటి: తేదీ రాసుకోండి. రెండేళ్ళ క్రితం ఒక ప్లంబరు అన్న మా దగ్గరికి వచ్చాడు. కాంట్రాక్టు కాపీ లేదు, జీతం స్లిప్పులు లేవు. జేబులో ఒక చిన్న పాకెట్ బుక్కు మాత్రం ఉంది. ఏ నెల జీతం ఏ రోజు పడింది, ఎంత పడింది, ఎన్ని గంటలు ఓవర్‌టైం చేశాడు, అన్నీ వచ్చీరాని అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు. దాన్ని బ్యాంకు లెక్కతో పోల్చి చూస్తే తేదీలు సరిపోయాయి. నాలుగు నెలలు ఖాళీ అని తేలింది. లేబర్ ఆఫీసులో మాట్లాడేటప్పుడు కంపెనీ మనిషికి అడ్డం చెప్పడానికి ఏమీ దొరకలేదు. అదే నెలలో అదే క్యాంపు నుంచి వచ్చిన ఇంకో సోదరుడు "మూడో నాలుగో నెలలు రాలేదు సార్, సరిగ్గా గుర్తు లేదు" అన్నాడు. అతని లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది, తేలినా అతను అనుకున్నంత రాలేదు. ఇద్దరి కష్టం ఒక్కటే. తేడా ఆ పుస్తకమే.

రెండు: కాగితాలు ఫోన్‌లో పెట్టుకోండి. కాంట్రాక్టు, లేబర్ కార్డు, ఎమిరేట్స్ ఐడీ, పాస్‌పోర్టు, వీసా పేజీ, టైమ్‌షీట్లు, జీతం స్లిప్పులు, జీతం పడినట్టు వచ్చిన మెసేజీలు, బీమా రసీదు. వీటి ఫోటోలు ఇంట్లో ఒకరికి కూడా పంపి ఉంచండి. ఫోన్ పోయినా లెక్క పోదు.

మూడు: రెండు జీతాలు కలిపి వేస్తే అది ఏ నెలలదో అడిగి రాయించుకోండి. నోటి మాటగా చెబితే వాట్సాప్‌లో మీరే ఒక మెసేజ్ పెట్టండి: "ఈరోజు నాకు 1,500 వచ్చింది. ఇది ఫలానా నెల జీతం. ఇంకా రెండు నెలలది రావాలి." జవాబు రాకపోయినా ఫర్వాలేదు. ఆ రోజు మీరు అడిగినట్టు ఆధారం ఉంటుంది.

నాలుగు: డ్యూటీ మానకండి. కోపంతో రూమ్‌లో కూర్చోవడం కంపెనీకి అవకాశం ఇవ్వడమే. తగిన కారణం లేకుండా వరుసగా 7 రోజులకు మించి గానీ, ఏడాదిలో విడివిడిగా 20 రోజులకు మించి గానీ రాకపోతే నోటీసు లేకుండా తీసేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. వరుసగా 7 రోజులు దాటితే అబ్‌స్కాండింగ్ ఫిర్యాదు కూడా పెట్టవచ్చు. అందరూ కలిసి పని ఆపితే చిక్కులు ఇంకా ఎక్కువవుతాయి. జీతం అడగడం మీ హక్కు, కానీ అడిగే చోటు సైటు గేటు కాదు, లేబర్ ఆఫీసు.

ఐదు: ఫిర్యాదు చేయండి. మంత్రిత్వ శాఖ యాప్ ద్వారా గానీ, 80084 నంబరుకు గానీ, 600590000 నంబరుకు గానీ ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ముందు ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాముల లోపు వివాదాల్లో మంత్రిత్వ శాఖే తుది నిర్ణయం ఇవ్వగలదు. మన కార్మికుల కేసులు చాలావరకు ఈ లోపలే ఉంటాయి. అంతకు మించితే కోర్టుకు పంపుతారు. 1,00,000 దిర్హాముల లోపు దావాకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కరలేదు. వివాదం వల్ల జీతం ఆగిపోతే, గరిష్ఠంగా రెండు నెలల వరకు జీతం ఇస్తూ ఉండమని కంపెనీని ఆదేశించే అధికారం కూడా ఆ శాఖకు ఉంది.

ఆరు: పని వదలాలనుకుంటే ముందు తెలియజేయండి. కంపెనీ తన బాధ్యత నెరవేర్చకపోతే, అంటే జీతమే ఇవ్వకపోతే, నోటీసు కాలం పనిచేయకుండా వదిలే హక్కు కార్మికుడికి ఉంది. కానీ వదలడానికి 14 పనిదినాల ముందు మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి. చెప్పి వదిలినవాడు హక్కుదారు. చెప్పకుండా వెళ్ళినవాడు ఖల్లివెల్లి. జీతం రానిది ఇద్దరికీ అయినా చట్టం ముందు ఇద్దరూ ఒకటి కాదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందేమో?
జవాబు: ఫిర్యాదు చేశాడన్న కారణంతో తీసేయడం చట్ట విరుద్ధం. కోర్టులో అది రుజువైతే 3 నెలల జీతం వరకు పరిహారం ఇప్పించవచ్చు. భయం సహజమే. కానీ ఆరు నెలలు ఊరుకున్న తర్వాత కూడా చివరికి రావలసింది లేబర్ ఆఫీసుకే. మొదటి నెలలో వస్తే బాకీ తక్కువ, సాక్ష్యం ఎక్కువ.

ప్రశ్న: కంపెనీ మూతపడింది. ఓనరు దేశంలో లేడు. మా డబ్బు పోయినట్టేనా?
జవాబు: అలాంటి పరిస్థితి కోసమే ప్రతి కార్మికుడి పేరు మీద కంపెనీ బ్యాంకు గ్యారంటీ గానీ, బీమా గానీ పెట్టాలని నిబంధన ఉంది. బీమా అయితే ఒక్కొక్క కార్మికుడికి 20,000 దిర్హాముల వరకు వర్తిస్తుంది. దీనికి కార్మికుడు ఏమీ కట్టనక్కరలేదు. ఫిర్యాదు చేసినప్పుడే ఈ సంగతి అడగండి.

ప్రశ్న: కంపెనీ జీతంలో "వీసా ఖర్చు" అని కోస్తోంది. సరైనదేనా?
జవాబు: కాదు. నియామకపు ఖర్చు కార్మికుడి నుంచి తీసుకోకూడదు. చట్టం ఒప్పుకున్న కోతలు కూడా అన్నీ కలిపి జీతంలో సగానికి మించకూడదు. కోత పడిన నెల, మొత్తం మీ పుస్తకంలో రాయండి.

ప్రశ్న: నేను ఇండియాకు వచ్చేశాను. ఇంకా అడగవచ్చా?
జవాబు: 2024లో చట్టాన్ని సవరించి, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 2 సంవత్సరాల లోపల దావా వేసే వీలు కల్పించారు. అంతకుముందు ఒక సంవత్సరమే ఉండేది. ఇండియా నుంచి అయితే ఇక్కడ నమ్మకమైన మనిషి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాసి, ధ్రువీకరణ చేయించి పంపాలి. అయ్యే పనే, కానీ కష్టం. అందుకే విమానం ఎక్కకముందే ఫిర్యాదు నమోదు చేసి, దాని నంబరు వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: తినడానికి కూడా డబ్బు లేదు. ఎంబసీ ఏమి చేయగలదు?
జవాబు: కష్టంలో ఉన్న భారతీయుల కోసం 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అవసరాన్ని పరిశీలించి దాని నుంచి వసతి, భోజనం, ఇంటికి టికెట్, న్యాయ సహాయం అందిస్తారు. మీ జీతం బాకీ మేము తీర్చలేము, కంపెనీ చేత తీర్పించే దారి చూపగలం. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. పగలయినా రాత్రయినా ఫోన్ చేయవచ్చు. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో మీ ఇంటివాళ్ళు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇంటివాళ్ళకు ఒక మాట

అమ్మా, చెల్లీ, ఈ కాగితం మీ చేతికి వస్తే ఇది కూడా చదవండి. నెల తిరిగినా డబ్బు రాకపోతే "ఎందుకు పంపలేదు" అని మాత్రమే అడగవద్దు. "జీతం పడిందా, ఏ తారీఖున పడింది" అని అడగండి. సిగ్గుపడి చాలామంది మగవాళ్ళు నెలల తరబడి దాచిపెడతారు. పక్క రూమ్‌లో అప్పు చేసి మీకు పంపుతారు. అలా రెండు వైపులా అప్పు పెరుగుతుంది. అతను చెప్పిన తేదీలను మీరు కూడా క్యాలెండరు మీద రాసి పెట్టండి. రెండు చోట్ల ఉన్న లెక్కను ఎవరూ చెరపలేరు.

కిస్తీ తేదీలను వీలైతే జీతం తేదీకి బాగా దూరంగా పెట్టుకోండి. జీతం 1న రావాలి కదా అని 5న కిస్తీ ఒప్పుకోకండి, 25న ఒప్పుకోండి. జీతాలు సవ్యంగా వచ్చే కాలంలో ఒక నెల ఖర్చు పక్కన పెట్టండి. దాన్ని మిగులు అనుకోవద్దు. తేదీ తప్పిన నెలలో వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా కాపాడేది అదే.

ఈరోజే చూసుకోవలసినవి

1. కాంట్రాక్టులో బేసిక్ జీతం ఎంత?
2. పోయిన 6 నెలల జీతాలు ఏయే తేదీల్లో పడ్డాయి?
3. ఉద్యోగ బీమా ఏ తేదీ వరకు కట్టి ఉంది?
4. ప్రవాసీ భారతీయ బీమా ఏ తేదీతో ముగుస్తుంది?
5. ఊళ్ళో ఎల్ఐసీ, సంఘం కిస్తీ తేదీలు ఏవి?

ఈ ఐదింటికి జవాబులు ఒక కాగితం మీద రాయండి. ఏదైనా తెలియకపోతే ఈ శుక్రవారం ఫోన్‌లో ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు అడిగి రాసుకోండి.

జీతం ఏ రోజు వేస్తుందో కంపెనీ చేతిలో ఉంది. ఏ రోజు వేసిందో, ఏ రోజు వేయలేదో రాసి పెట్టడం మీ చేతిలో ఉంది. కష్టం వచ్చాక మా కౌంటర్ దగ్గరికి మీరు ఏ రోజు వచ్చినా సాయం చేస్తాం. ఆ పుస్తకం వెంట తెస్తే ఇంకా బాగా చేయగలం.